మెదడు స్కాన్ అట్లాస్ మీద కూర్చోకపోతే తప్పు ఎక్కడ వెతకాలి

ముందు ఒక పని చేయండి. మీ ప్రశ్నతో పాటు పెట్టిన రెండో బొమ్మలో కుడివైపు మూలన పేషెంటు పేరు, వయసు కనిపిస్తున్నాయి. నా జవాబు తర్వాతైనా చదువుకోవచ్చు, ఆ బొమ్మ ఇప్పుడే తీసేయండి.

ఇక విషయానికి వద్దాం. మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నారు. పక్షవాతం వచ్చిన 42 మంది ఎంఆర్‌ఐలు విజయవాడలోని ఒక స్కాన్ సెంటర్ నుంచి సీడీల్లో తెచ్చుకున్నారు. వాటిని పరిశోధనలో వాడే నిఫ్టీ ఫైళ్ళలోకి మార్చి, ఎఫ్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లోని బెట్‌తో పుర్రె తీసేసి, మొత్తం మెదడును తిప్పి, సాగదీసి కుదిర్చే ఫ్లర్ట్ (అఫైన్ మెట్టు), ఆ తర్వాత చోటుచోటుకూ విడిగా వంచి కుదిర్చే ఎఫ్‌నర్ట్ (నాన్‌లీనియర్ మెట్టు, అంటే వార్ప్) నడిపి ఎంఎన్‌ఐ 152 అనే ప్రామాణిక మెదడు బొమ్మ (టెంప్లేట్) మీదికి తెచ్చారు. ఈ కుదర్చడాన్నే రిజిస్ట్రేషన్ అంటారు. పైన ఏఏఎల్ అనే అట్లాస్ (మెదడు భాగాల హద్దులు గీసిన పటం) పరిచి ఏ భాగం ఎంత దెబ్బతిందో లెక్కపెడదామనుకున్నారు. 31 బాగానే కూర్చున్నాయి, 11 కూర్చోలేదు. కొన్నింట్లో చిన్నమెదడు అట్లాస్ కిందికి జారిపోయింది, కొన్ని పక్కకు ఒరిగాయి, ఒకటి పూర్తిగా నల్లగా వచ్చింది. మూడు వారాలుగా వార్ప్ రిజల్యూషన్, ఇటరేషన్లు, కాస్ట్ ఫంక్షన్ లాంటి సెట్టింగులు మార్చి మార్చి చూస్తున్నారు.

ఆ మార్చడం ఆపేయండి. ఈ పనిలో పద్నాలుగేళ్ళుగా ఉన్నాను. నాకు ఎదురైన చెడిపోయిన రిజిస్ట్రేషన్లలో చాలావాటికి కారణం నాన్‌లీనియర్ మెట్టుకు ముందే ఉండేది. తప్పు ప్రారంభంలో పెట్టుకుని చివరి మెట్టు మరలు తిప్పితే ఒకటి సర్దుకుంటుంది, ఇంకో రెండు చెడతాయి. మీకు జరుగుతున్నదీ అదే.

మన దగ్గర రిజిస్ట్రేషన్ అంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసే గుర్తొస్తుంది కదా. నాకైతే ఈ పనికీ దానికీ చుట్టరికం ఉందనిపిస్తుంది. మా నాన్న తెనాలి వైపు సర్వేయరుగా చేశారు. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటం చేతిలో పట్టుకుని పొలంలోకి దిగినప్పుడు కొలత ఎంత జాగ్రత్తగా పట్టినా, మొదటి హద్దు రాయిని తప్పుగా పోల్చుకుంటే ప్రతి గట్టూ పక్కవాడి చేలోకి జరిగిపోతుంది. అప్పుడు గొలుసును తిట్టి లాభం లేదు. మీ ఎఫ్‌నర్ట్ ఆ గొలుసు లాంటిది. మనం వెతకాల్సింది రాయి.

కాబట్టి చెడిన 11 స్కాన్లలో ఒక్కొక్కదానికి మూడు దశలు విడివిడిగా తెరిచి చూడండి. మొదటిది, ఏ రిజిస్ట్రేషనూ చేయకముందు అసలు స్కాన్‌ను ఎఫ్‌ఎస్‌ఎల్‌ఐస్ అనే బొమ్మలు చూసే ప్రోగ్రాంలో టెంప్లేట్ పక్కన పెట్టి చూడటం. రెండోది, 12 డిగ్రీల ఫ్రీడమ్ (పన్నెండు రకాల కదలికలు, కోణం కాదు) ఉన్న అఫైన్ తర్వాత ఫలితం. మూడోది, వార్ప్ తర్వాత. మీరు పంపిన బొమ్మలన్నీ మూడో దశవే. వంట చెడిందని తెలుస్తోంది గానీ, ఉప్పు ఎక్కడ ఎక్కువైందో వాటిని చూసి చెప్పలేం.

రెండో దశ దగ్గర ఏం చూడాలో తెలియక చాలామంది తికమక పడతారు. అఫైన్ తర్వాత మెదడు మీది మడతలు టెంప్లేట్ మడతలతో కలవవు, కలవాలని ఆశించకండి. కలవాల్సింది మెదడు బయటి ఆకారం, రెండు అర్ధగోళాల మధ్య గీత, మెదడు కాండం, చిన్నమెదడు పైనున్న టెంటోరియం అనే పొర. యాంటీరియర్ కమిషర్, పోస్టీరియర్ కమిషర్ అనే రెండు చిన్న కట్టలు సాజిటల్ (పక్క నుంచి చూసే) కోతలో దాదాపు అదే ఎత్తులో ఉండాలి. ఇవి నాలుగైదు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఎఫ్‌నర్ట్ మిగతాది చూసుకుంటుంది. సెంటీమీటరు తేడా ఉంటే చూసుకోలేదు. ఎందుకంటే వార్ప్ దగ్గరున్న అంచును పట్టుకుని లాగుతుంది, అది సరైన అంచో కాదో దానికి తెలియదు. పక్క మడతను మీ మడత అనుకుని కుదిర్చేస్తుంది. అలా కుదిరినది చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే ప్రమాదం.

ఇప్పుడు మీ లక్షణాలు ఒక్కొక్కటి.

పూర్తిగా నల్లగా వచ్చినదాంట్లో రిజిస్ట్రేషన్ చెడిందని నేననుకోవడం లేదు, బొమ్మ ఫ్రేము బయట పడింది. మీరు రాసిన క్రమం చూస్తే ఆ ఒక్క స్కాన్‌కు రీఓరియెంట్ టు స్టాండర్డ్ కమాండు (బొమ్మను టెంప్లేట్ దిక్కుకు తిప్పేది) తర్వాత గుర్తొచ్చి నడిపినట్టుంది. ఫ్లర్ట్ ఇచ్చే మాట్రిక్స్ (బొమ్మను ఎలా కదపాలో చెప్పే సంఖ్యల పట్టిక) ఎఫ్‌ఎస్‌ఎల్ సొంత కొలమానంలో, వోక్సెల్ (బొమ్మలోని ఒక్కో చిన్న గడి) సైజుతో గుణించిన లెక్కలో ఉంటుంది. స్కానర్ మిల్లీమీటర్లలో ఉండదు. పాత బొమ్మకు కట్టిన మాట్రిక్స్‌ను తిప్పిన బొమ్మకు వేస్తే అది ఎక్కడికో పోతుంది. ఆ స్కాన్‌ను మొదటి నుంచి, రీఓరియెంట్ ముందు చేసి, మళ్ళీ నడపండి. పది నిమిషాల పని.

ఇక్కడే హెడర్ (ఫైలులో బొమ్మ వివరాలుండే భాగం) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వైపు క్లినికల్ స్కాన్లతో పనిచేసేవాళ్ళను ఎక్కువగా ముంచేది ఇదే. నిఫ్టీ ఫైలులో క్యూఫార్మ్, ఎస్‌ఫార్మ్ అని రెండు చిరునామాలు ఉంటాయి. వోక్సెల్ ఏ దిక్కున, ఏ చోట ఉందో రెండూ చెప్పగలవు. రెంటికీ ఒక్కో కోడ్ ఉంటుంది. 0 అంటే చెప్పలేం, 1 అంటే స్కానర్ కొలత, 4 అంటే ఎంఎన్‌ఐ. రెండూ ఒకే మాట చెబితే గొడవ లేదు. మధ్యలో ఎవరో ఏదో పైథాన్ స్క్రిప్టుతో బొమ్మను సేవ్ చేసి ఒకదాన్ని మాత్రమే మార్చి ఉంటే, ఒక సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని నమ్ముతుంది, ఇంకోటి రెండోదాన్ని. పైగా సీడీల్లో వచ్చే డైకామ్ ఫైళ్ళలో ఎడమవైపు, వెనకవైపు పెరిగే దిక్కులైతే నిఫ్టీలో కుడివైపు, ముందువైపు. మార్పిడి చేసే సాధనం ఇది చూసుకోవాలి. డీసీఎం2నిక్స్ చూసుకుంటుంది. చేత్తో రాసుకున్న స్క్రిప్టులు చాలాసార్లు చూసుకోవు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫ్లర్ట్ మామూలుగా హెడర్‌లోని స్థానాన్ని ప్రారంభంగా తీసుకోదు, తనే మైనస్ 90 నుంచి 90 డిగ్రీల దాకా తిప్పి వెతుక్కుంటుంది. యాంట్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ హెడర్ చెప్పిన చోటునే లోకంగా తీసుకుంటుంది. ఎస్‌పీఎం అనే మూడోదైతే మీరిచ్చిన ప్రారంభం దగ్గర్లోనే వెతుకుతుంది. సుమారు 5 సెంటీమీటర్లు, 20 డిగ్రీల లోపు ఉంటేనే దానికి దారి దొరుకుతుంది. అందుకే ఒకే స్కాన్ ఒక సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని ఇంకోదాంట్లో ఒరిగితే, "రెండోది చెత్త సాఫ్ట్‌వేర్" అనేయకండి. హెడర్ తెరవండి. ఎస్‌పీఎంలో ఐతే డిస్‌ప్లేలోకి వెళ్ళి యాంటీరియర్ కమిషర్ మీద క్లిక్ చేసి ఆరిజిన్ అక్కడ పెట్టండి, సగం రోగాలు పోతాయి.

చిన్నమెదడు జారిన వాటికి నా అనుమానం మెడ మీద. ఆసుపత్రి స్కాన్లలో తలతో పాటు గడ్డం, మెడ సగం దాకా ఫ్రేములోకి వచ్చేస్తాయి. పరిశోధన కోసం తీసిన స్కాన్లలో ఇంత మెడ సాధారణంగా ఉండదు, సాఫ్ట్‌వేర్లన్నీ వాటిని చూసే పెరిగాయి. మెడ ఉంటే రెండు చోట్ల దెబ్బ. బొమ్మ బరువు కేంద్రం కిందికి జరిగి ప్రారంభం తప్పుతుంది. బెట్ కూడా ఆ కేంద్రం దగ్గరే తన బుడగను ఊదడం మొదలుపెడుతుంది కాబట్టి గొంతు కండరాన్ని మెదడులో కలుపుకుని, పైన నడినెత్తి దగ్గర మెదడునే కోసేస్తుంది. మీ మూడో బొమ్మలో మెదడు కాండం కింద తెల్లగా వేలాడుతున్నది కండరమే. అఫైన్ ఆ తోకతో సహా మొత్తాన్ని టెంప్లేట్‌లో ఇరికించాలని చూసి మెదడును నిలువునా నొక్కేసింది.

మందు సులువే. ముందు రోబస్ట్‌ఎఫ్‌ఓవీ నడపండి. అది నెత్తి నుంచి కిందికి 170 మిల్లీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరిస్తుంది. ఆ తర్వాత ఎన్4 అనే సాధనంతో వెలుగు తేడాలు సరిచేయండి. అప్పుడు బెట్. దాని ఎఫ్ విలువ మామూలుగా 0.5. తగ్గిస్తే మెదడు ముద్ద పెద్దదవుతుంది, పెంచితే చిన్నదవుతుంది. చాలామంది తిరగేసి గుర్తుపెట్టుకుంటారు, నేనూ మొదటి ఏడాది అంతే. వయసు మళ్ళినవాళ్ళలో మెదడు కుంచించుకుపోయి పుర్రెకూ దానికీ మధ్య నీరు ఎక్కువుంటుంది. అందరికీ ఒకే విలువ పెట్టి లూప్‌లో వదిలేయకుండా మాస్క్‌లన్నీ (బెట్ మెదడుగా గుర్తించిన ప్రాంతాలు) కళ్ళతో చూడండి. 42 అంటే ఒక సాయంత్రం పని.

ఇంకొకటి, మీరు ఎఫ్‌నర్ట్‌కు ఇచ్చింది పుర్రె తీసిన బొమ్మే కదా? అది తప్పు. ఎంఎన్‌ఐ కోసం ఎఫ్‌ఎస్‌ఎల్‌తో వచ్చే రెడీమేడ్ కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) పుర్రెతో ఉన్న టెంప్లేట్‌ను పెట్టుకుని, పుర్రెతో ఉన్న స్కాన్‌నే ఆశిస్తుంది. ఫ్లర్ట్ దగ్గర మెదడుకు మెదడు, ఎఫ్‌నర్ట్ దగ్గర తలకు తల. అఫైన్ మాట్రిక్స్ మాత్రం మెదడు బొమ్మలతో కట్టినదే ఇవ్వాలి. మీ 31 "బాగున్నవి" కూడా ఇలాగే చేసి ఉంటే వాటినీ మళ్ళీ నడపాల్సిందే. కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ అంచుల దగ్గర కార్టెక్స్ (మెదడు పై పొర) ఎంత లాగబడిందో మీరు లెక్కపెట్టలేదు, అది పైకి కనిపించదు.

ఒరిగినవాటికి వద్దాం. పేషెంటు మెడ తిరిగి ఉండటం పక్షవాతంలో మామూలే, ఫ్లర్ట్ సాధారణంగా దాన్ని సర్దుకుంటుంది. సర్దుకోలేదంటే స్కాన్ రకాన్నే చూడాలి. ఆ సీడీల్లో ఏ సిరీస్ తీసుకున్నారు? సీమెన్స్ మిషన్ అయితే ఎంపీరేజ్, జీఈ అయితే బ్రావో అని పేరున్న త్రీడీ టీ1 (ఎంఆర్‌ఐలో ఒక రకం బొమ్మ) వెతకండి. దానిలో వోక్సెల్ ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. కానీ ఎమర్జెన్సీలో వచ్చిన పేషెంటుకు చాలాసార్లు ఆ సిరీసే తీయరు. 5 మిల్లీమీటర్ల మందంతో, మధ్యలో ఖాళీ వదిలి, ఇరవై పాతిక కోతలు తీసి పంపేస్తారు. వాళ్ళది తప్పు కాదు, డాక్టరుకు కావాల్సింది దానిలో ఉంది. అలాంటి బొమ్మకు నిలువు దిశలో సమాచారం లేదు. దానిమీద 10 మిల్లీమీటర్ల వార్ప్ పరిచి సన్నటి కార్టెక్స్ లెక్కలు తీస్తామంటే అది లేని పొలానికి పట్టా రాయించుకోవడమే. ఆ స్కాన్లను అఫైన్ దగ్గరే ఆపండి, ఫలితాల్లో అలాగే రాయండి. లేదా వదిలేయండి. మీ 11లో కనీసం నాలుగైదు ఈ బాపతే అని నా పందెం.

పక్షవాతం కాబట్టి అసలు పెద్ద చిక్కు ఇంకొకటుంది. టెంప్లేట్‌లో దెబ్బతిన్న భాగం లేదు. పేషెంటులో ఉంది. తేడా తగ్గించడమే సాఫ్ట్‌వేర్ పని, కాబట్టి అది చచ్చిన ప్రాంతాన్ని చుట్టూ ఉన్న మంచి కణజాలంతో కుక్కి "నయం" చేసేస్తుంది. తర్వాత మీరు గాయం పరిమాణం కొలిస్తే ఉన్నదానికన్నా చిన్నదిగా వస్తుంది. దీనికి పాత మందు, ఇప్పటికీ పనిచేసేది, గాయానికి మాస్క్ గీసి ఆ ప్రాంతాన్ని లెక్కలోంచి తప్పించడం. ఐటీకే-స్నాప్ అనే ప్రోగ్రాంలో చేత్తో గీయండి, అంచుకు రెండు మూడు వోక్సెల్స్ ఎక్కువే వదలండి. ఎఫ్‌నర్ట్‌కూ, యాంట్స్‌కూ మాస్క్ ఇచ్చే దారి ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఎఫ్‌ఎస్‌ఎల్‌లో లెక్కపెట్టాల్సిన చోట 1, గాయం ఉన్నచోట 0 ఉండాలి. తిరగేసి ఇస్తే గాయాన్ని మాత్రమే చూసి కుదురుస్తుంది. నవ్వకండి, అలా చేసినవాణ్ణి నాకు బాగా తెలుసు, అద్దంలో కనిపిస్తాడు. గాయం మరీ పెద్దదై ఒక అర్ధగోళంలో సగం తినేసి ఉంటే, ఇంకో దారి ఉంది: అవతలి అర్ధగోళంలోని ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని అద్దంలోలా తిప్పి గాయం చోట పూడ్చి, ఆ బొమ్మతో వార్ప్ కట్టి, దాన్ని అసలు బొమ్మకు వేయడం. ఇద్దరు ముగ్గురు పేషెంట్లకే అవసరం పడొచ్చు.

వార్ప్ అయ్యాక జాకోబియన్ మ్యాప్ (ఎక్కడ ఎంత సాగిందో, ఎంత కుంచించుకుందో చూపేది) తీయించండి. ఎక్కడైనా విలువ సున్నాకన్నా తక్కువుంటే అక్కడ బొమ్మ తనమీద తనే మడత పడిందన్నమాట. గాయం చుట్టూ జాకోబియన్ విపరీతంగా ఉంటే మాస్క్ చాల్లేదని అర్థం.

మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన "రెండింట్లో కుడిఎడమలు అనుమానంగా ఉన్నాయి" అన్నది నన్ను అన్నిటికన్నా భయపెట్టింది. మెదడు దాదాపు సౌష్ఠవంగా ఉంటుంది కాబట్టి కుడిఎడమలు తారుమారైనా రిజిస్ట్రేషన్ చక్కగా కుదురుతుంది. ఏ స్కోరూ మిమ్మల్ని హెచ్చరించదు. రీఓరియెంట్ కమాండ్ కూడా కాపాడదు. అది హెడర్ చెప్పినదాన్ని నమ్మి 90 డిగ్రీల చొప్పున తిప్పుతుంది, హెడరే అబద్ధమైతే అబద్ధాన్నే చక్కగా సర్దుతుంది. రేడియాలజిస్టు రిపోర్టు తీయండి. "ఎడమ ఎంసీఏ ఇన్‌ఫార్క్ట్" (ఎడమ మధ్య మెదడు ధమని పరిధిలో రక్తం అందక చచ్చిన భాగం) అని ఉంటే, హెడర్ ప్రకారం ఎల్ (ఎడమ) అని ఉన్న వైపే గాయం ఉండాలి. తెరమీద ఎటువైపు ఉందో కాదు. రేడియాలజీ పద్ధతిలో పేషెంటు ఎడమ చూసేవాళ్ళకు కుడివైపు కనిపిస్తుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు అలా చూపిస్తాయి, కొన్ని చూపించవు. కుడి ముందుభాగం, ఎడమ వెనకభాగం కాస్త బయటికి పొడుచుకు రావడం చాలామందిలో ఉంటుంది, కానీ అది సూచన మాత్రమే, దాన్ని పట్టుకుని తిప్పేయకండి. అనుమానం ఉంటే సీడీలోని అసలు డైకామ్‌కు తిరిగి వెళ్ళి డీసీఎం2నిక్స్‌తో కొత్తగా మార్చండి.

మేము కొత్త స్కాన్లు తీయించేటప్పుడు సూర్యారావుపేటలో ఏదో ఒక మందుల షాపులో చేప నూనె మాత్రలు కొని, ఒకటి పేషెంటు కుడి కణతకు టేపుతో అంటిస్తాం. టీ1లో తెల్లటి చుక్కలా మెరుస్తుంది. టెక్నీషియన్లు మొదట్లో నవ్వేవాళ్ళు. ఒక సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చిన తర్వాత ఆ చుక్క ఎడమవైపు కనిపించిన రోజు ఎవరూ నవ్వలేదు.

మీ గైడు "మన వాళ్ళ తలలు వేరు, ఎంఎన్‌ఐ పనికిరాదు" అన్నారని రాశారు. దాన్లో నిజం లేకపోలేదు. ఎంఎన్‌ఐ 152 అంటే మాంట్రియల్‌లో 152 మంది యువకుల మెదళ్ళ సగటు. అంతకు ముందు అందరూ వాడిన తలైరాక్ అట్లాస్, 1988లో వచ్చింది, ఒకే ఒక్క అరవై ఏళ్ళ స్త్రీ మెదడు మీద కట్టారు. మీరు వాడే ఏఏఎల్ కూడా ఒకే మనిషిని 27 సార్లు స్కాన్ చేసి సగటు తీసిన బొమ్మ మీద గీసినదే, కాబట్టి ఎంఎన్‌ఐ 152 మీద వేస్తే సరిహద్దుల్లో కొన్ని మిల్లీమీటర్ల తేడా ముందే ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు వంద మంది భారతీయుల స్కాన్లతో 2019లో ఐబీఏ 100 అనే అట్లాస్ తెచ్చారు, చూడదగ్గది. కానీ దానిలోనూ ఉన్నది యువకులే, మీ పేషెంట్లు అరవై దాటినవాళ్ళు. వెంట్రికిల్స్ (లోపలి నీటి గదులు) పెద్దవైన మెదడుకు ఏ యువ టెంప్లేటైనా బిగుతైన చొక్కానే. పైగా టెంప్లేటే కారణమైతే 42కీ కొద్దికొద్దిగా తేడా రావాలి, 31 కుదిరి 11 దారుణంగా పోవు. టెంప్లేట్ మార్చే ఆలోచన ఆ 11 సంగతి తేలాక చేయండి.

ఒక చిన్న విషయం, మీ చివరి బొమ్మలో అట్లాస్ రంగుల అంచులు మసకగా ఉన్నాయి. లేబుల్స్‌ను (భాగాల సంఖ్యలను) ట్రైలీనియర్‌తో, అంటే పక్క విలువల సగటుతో, మార్చినట్టున్నారు. 36, 38 సంఖ్యలున్న రెండు భాగాల మధ్య సగటు తీస్తే 37 వస్తుంది, అది ఇంకేదో భాగం. లేబుల్స్‌కు ఎప్పుడూ నియరెస్ట్ నైబర్, అంటే అన్నిటికన్నా దగ్గరి గడి విలువనే తీసుకోవడం. ఇంకా మేలైన దారి, వార్ప్‌ను తిరగేసి అట్లాస్‌నే పేషెంటు స్కాన్ మీదికి తెచ్చుకోవడం. అప్పుడు గాయం బొమ్మ అసలు ముట్టుకోకుండా ఉంటుంది. రేపు యాంట్స్‌కు మారితే మాత్రం జాగ్రత్త, అక్కడ కమాండులో చివర రాసినది ముందు జరుగుతుంది. వార్ప్ ముందు, అఫైన్ తర్వాత రాయాలి. తిరగేసేటప్పుడు క్రమం కూడా తిరగబడుతుంది.

ఈ వారానికి: 11 స్కాన్ల వోక్సెల్ సైజులు, క్యూఫార్మ్ ఎస్‌ఫార్మ్ కోడ్లు ఒక కాగితం మీద రాసుకోండి. మందపాటి కోతలవి పక్కన పెట్టండి. మిగిలినవాటికి మెడ కత్తిరించి, మాస్క్‌లు చూసి, అఫైన్ వరకే నడపండి. అఫైన్ బొమ్మలు, పేర్లు తుడిచేసి, ఇక్కడ పెట్టండి. వార్ప్ సంగతి అవి చూశాక మాట్లాడదాం.